కంప్యూటర్‌ను లేపే చెయ్యి

పొద్దున కూరగాయలకు వెళ్ళి వస్తూ మా వీధి చివర జిరాక్సు కొట్టు ముందు ఆగిపోయాను. కొట్టతను ఒక పాత కంప్యూటర్ డబ్బాను అరుగు మీద పడుకోబెట్టి, పక్క రేకు విప్పి, గాలి కొట్టే మిషనుతో లోపలి దుమ్మంతా బయటికి ఊదుతున్నాడు. ఆ దుమ్ములో ఎండుమిరపకాయల ఘాటుంది, సున్నం ఉంది, కాగి కాగి వాడిపోయిన ప్లాస్టిక్కు కమురుంది. చేతిలో తోటకూర కట్టతో అక్కడే నిలబడి ఆ వాసన కాసేపు పీల్చాను. "పక్కకు జరగండమ్మా, తుమ్ములొస్తయ్" అన్నాడతను. తుమ్ములు రాలేదు, ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళయినా ఆ వాసన తగిలితే నాకు ముందు ఒళ్ళు మండుతుంది, మిగతావన్నీ ఆ తర్వాతే గుర్తుకొస్తాయి.

మిగతావంటే మా గురజాల ఇల్లు. నాపరాళ్ళ గోడలు, నాపరాళ్ళ అరుగు, వాకిట్లో పరిచినవీ నాపరాళ్ళే. ఎండాకాలం మధ్యాహ్నం ఆ రాళ్ళ మీద అమ్మ అప్పడాలు ఆరబెడుతుంటే, ఈ చివర పెట్టుకుంటూ ఆ చివరికి వెళ్ళేలోపు మొదట పెట్టినవి పెళుసెక్కేవి. మాఘమాసం వచ్చిందంటే ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా పరుచుకునేవి. మిరపకాయల లారీలు వెళుతున్నంతసేపూ బజారు బజారంతా తుమ్మేది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా కండువాలతో కళ్ళు తుడుచుకుంటూ కూర్చునేవాళ్ళు. పిల్ల నచ్చక ఏడుస్తున్నారో, ఘాటుకు ఏడుస్తున్నారో తెలిసేది కాదని మా నాయనమ్మ నవ్వేది. పిడుగురాళ్ళ వైపు నుంచి వచ్చే లారీలు సున్నపుబట్టీల తెల్లదుమ్మును మోసుకొచ్చి మా గడపల మీద దులిపి పోయేవి. తొలకరికి నల్లరేగడి వాసన, తొలి ఏకాదశికి నాయనమ్మ రోట్లో దంచిన పేలపిండి. జొన్నపేలాలూ బెల్లమూ కలిపిన ఆ పిండిని నోటినిండా పోసుకుని మాట్లాడబోతే ఎదుటివాళ్ళ మొహమంతా పిండే. సాయంత్రాలు రాళ్ళ మీద బొగ్గుతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ, వానొస్తే వసారాలో చేరి అచ్చనగాయలు.

మాది వ్యాపారస్తుల కుటుంబం. తాతయ్య కాలం నుంచి బజార్లో కిరాణా కొట్టు ఉండేది. బోణీ అంటే మా ఇంట్లో దేవుడి తర్వాత దేవుడు. పొద్దున్నే తలుపు తీశాక ఎవరు ముందు మెట్టెక్కుతారో, ఎవరి చేతి మీదుగా మొదటి సరుకు బయటికి వెళుతుందో, ఆ రోజంతా దాన్నిబట్టే నడుస్తుందని నమ్మకం. అది మంచి చెయ్యి, ఇది పీనాసి చెయ్యి అని ఊళ్ళో చేతులన్నింటికీ నాయనమ్మ దగ్గర లెక్క ఉండేది. నేను నడవడం నేర్చుకున్న రోజుల్లోనే నా చేత ఒక బెల్లం అచ్చు కొనిపించి బోణీ చేయిస్తే, ఆ రోజు కొట్టు కిటకిటలాడిందట. అప్పటి నుంచి "మా శేషు చెయ్యి చానా మంచిదమ్మా" అని ఆవిడ ఇరుగుపొరుగుకు చెప్పుకునేది. నా పేరు శేషుకుమారి. పేరు కన్నా చెయ్యే ముందు పెరిగింది నాకు.

నాన్నకు తక్కెడ పట్టుబడలేదు. టైపు నేర్చుకుని, కొట్టు బాబాయికి వదిలేసి, మా ముందుగదిలోనే టైపు మిషను పెట్టుకుని కోర్టు కాగితాలు కొట్టేవాడు. వకీళ్ళ గుమాస్తాలు, ఫిర్యాదీలు, వాయిదాలకు వచ్చి చెట్టు కింద సద్ది తిని మా అరుగు మీద నడుం వాల్చేవాళ్ళు, అందరూ మాకు బాబాయిలో పెద్దనాన్నలో అయ్యేవాళ్ళు. టైపు మిషను మూలబడి కంప్యూటర్లు వస్తున్న రోజుల్లో, నాన్న గుంటూరు వెళ్ళి ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటి తెచ్చాడు. పాత దుప్పట్లలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినంత భద్రంగా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. అమ్మ తన పాత చీర అంచు కత్తిరించి దానికి ముసుగు కుట్టింది. నాయనమ్మ నుదుట బొట్టు పెట్టినట్టే డబ్బా నెత్తిన పసుపూ కుంకుమా పెట్టింది. చెప్పులు బయట విడిచి వెళ్ళాలి ఆ గదిలోకి.

మొదటి చలికాలంలోనే దాని జబ్బు బయటపడింది. బొత్తాం నొక్కితే లోపల ఒక చిన్న చప్పుడు, పచ్చదీపం రెప్ప వేసినట్టు వెలిగి ఆరేది, ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయేది. మళ్ళీ నొక్కితే అదీ ఉండదు. పూర్తిగా చచ్చిపోయిన వస్తువైతే బాగుచేయిస్తాం, లేదా అటక మీద పడేస్తాం. ఇదేమో ఒక పూట రాదు, మరో పూట ఒక్క నొక్కుకే లేచి, తెర వెలిగేటప్పుడు వచ్చే చిన్న పాట పాడుతుంది. ఆడపడుచు అలకలాంటి జబ్బు. ఎందుకు అలిగిందో చెప్పదు, ఎందుకు తీరిందో అసలే చెప్పదు.

ఇక ఇంట్లో అందరూ వైద్యులే. గోడలో ప్లగ్గు వదులైందని అన్నయ్య అగ్గిపుల్లలు ఇరికించాడు. ఎర్తు ఆరిపోయిందని నాన్న పెరట్లో ఎర్తు గుంటలో బిందెడు ఉప్పునీళ్ళు పోశాడు. కోర్టు గుమాస్తా ఒకాయన రేకు విప్పించి, లోపలి పచ్చ చీటీ లాంటిదాన్ని తీసి స్కూలు రబ్బరుతో తుడిచి పెట్టమన్నాడు. ఇంకొకాయన సైకిలు పంపుతో ఊదించాడు. మిరపదుమ్ము లేచి ముందుగదంతా దగ్గింది గానీ డబ్బా దగ్గలేదు. అమ్మ మాత్రం తలుపు చాటు నుంచి, "మస్తాన్‌ను పిలిపించకూడదూ?" అనేది. మస్తాన్ నరసరావుపేటలో ఇలాంటివి బాగుచేసే మనిషి. "చూద్దాంలే" అనేవాడు నాన్న.

ఒకరోజు ముందుగదిలో వకీలు గుమాస్తా కాళ్ళు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. వాయిదా వేళవుతోంది, కాగితం డబ్బాలో ఉంది, డబ్బా లేవదు. నాన్న నొక్కాడు, అన్నయ్య నొక్కాడు, గుమాస్తా తానే నొక్కాడు. చివరికి నాయనమ్మ, "శేషూ, ఇట్రావే, నువ్వోసారి నొక్కు" అంది. అచ్చనగాయలు ఓ చేత్తో పట్టుకుని రెండో చేత్తో నొక్కాను. లేచింది. గుమాస్తా చేతులెత్తి నాకు దణ్ణం పెట్టాడు. "చూశారా, బంగారం చెయ్యి!" అంది నాయనమ్మ. ఆ పూటతో నా బతుకులో ఒక తలుపు గడియ పడిందని అప్పుడెవరికీ తెలియదు.

అక్కడి నుంచి కంప్యూటర్ లేవకపోతే నన్ను పిలవడమే వైద్యం. కానీ అందరికంటే ముందు నేనే నొక్కితే కొన్నిసార్లు లేచేది కాదు. అందుకూ నాయనమ్మ దగ్గర మందుంది. "కాళ్ళు కడుక్కున్నావటే నువ్వు? పో, కడుక్కునిరా. దేవుడి దగ్గర బొట్టు పెట్టుకో. బెల్లం ముక్క నోట్లో వేసుకో." ఇవన్నీ చేసి వచ్చి నొక్కితే లేచేది. అప్పటికీ లేవకపోతే, మడమలు తడవలేదని మళ్ళీ పంపేవాళ్ళు.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాన్ని మళ్ళీ లేపాలి. మా ఊళ్ళో అప్పుడు కరెంటు ఉండటమే వింత. నేను బడిలో ఉంటే అన్నయ్య సైకిలేసుకుని వచ్చి కిటికీ దగ్గర నిలబడేవాడు. "టీచరుగారూ, మా శేషును నాన్న రమ్మంటున్నాడు." మా మరియమ్మ టీచరు చాక్‌పీసు బల్ల మీద పెట్టి అటు చూసేది. "ఏందిరా, మీ ఇంట్లో ఉంది కంప్యూటరా, చంటిపిల్లా? ఈ పిల్లకేమన్నా పాలొస్తయ్యా, గుక్కపెట్టినప్పుడల్లా ఎత్తుకోటానికి?" క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వుతూనే సైకిలు వెనక ఎక్కేదాన్ని. వెళ్ళి నొక్కేదాన్ని, లేచేది, ఇక మళ్ళీ కరెంటు పోతుందేమోనని సాయంత్రం దాకా ఇంట్లోనే. లెక్కలు ఎప్పుడూ మధ్యాహ్నం పూటే చెప్పేవాళ్ళు.

అయినా మరియమ్మ టీచరు నన్ను వదల్లేదు. ఆదివారం చర్చి నుంచి తిన్నగా మా ఇంటికొచ్చి, తెల్లచీర కొంగు దోపుకుని, అరుగు మీదే నాకు వదిలిపోయిన లెక్కలు చెప్పేది. ఆడపిల్లల హాస్టలు బడికి ఎనిమిదో తరగతిలో సీట్లున్నాయని, నరసరావుపేటలో పరీక్ష పెడతారని, అది గట్టెక్కితే పది దాకా చదువూ తిండీ అక్కడేనని ఆవిడే కనుక్కొచ్చి, ఆవిడే నా పేరు రాయించింది. నాన్న సరేనన్నాడు. నిజంగానే సరేనన్నాడు, నా తల నిమిరి మరీ అన్నాడు. నాకు ఆ హాస్టలు ఎలా ఉంటుందో తెలియదు. కిటికీ దగ్గరికి సైకిలు రాని బడి అని మాత్రం తెలుసు. అంతకంటే ఏం కావాలి?

పరీక్ష ఇంకా కొన్ని వారాలుందనగా డబ్బా మరీ మొండికేసింది. అప్పటికి గానీ మస్తాన్‌కు కబురు వెళ్ళలేదు. గళ్ళ చొక్కా, నల్ల కళ్ళద్దాలు, బుగ్గన కిళ్ళీ, లోకమంతా తన పెళ్ళికొచ్చినట్టు పెద్ద గొంతు. రేకు విప్పి, వెనకున్న ఇనప డబ్బా లాంటిదాన్ని పీకి నాన్న ముందు పెట్టాడు. "ఇదీ సార్ మీ దెయ్యం. కరెంటు లోపలికి పంచేది ఇదే. ముసలిదైపోయింది. చల్లగా ఉంటే లేవదు, ప్లగ్గులో ఉంచి కాసేపాగితే లోపల వేడెక్కి లేచిద్ది."

"మా పిల్ల నొక్కితేనే లేచిద్ది బాబూ" అంది నాయనమ్మ.

"మీ అందరూ నొక్కీ నొక్కీ అలిసిపోయినాక పాపను పిలుస్తారు పెద్దమ్మా. అప్పటికది వేడెక్కి ఉండిద్ది. పాప కాదు గదా, పిల్లి తొక్కినా లేచిద్ది."

కొత్త డబ్బా బిగించాడు. తానే నొక్కబోయాడు. నాయనమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆగు నాయనా! కొత్త సామాను, బోణీ మా శేషు చేతే." మస్తాన్ నవ్వి పక్కకు తప్పుకున్నాడు. కాళ్ళు కడుక్కుని వచ్చి నేనే నొక్కాను. ఒక్క నొక్కుకే లేచింది.

"ఇంక ఎవరు నొక్కినా లేచిద్ది సార్" అని చెప్పి, మస్తాన్ సంచి తగిలించుకుని బస్సుకు పరిగెత్తాడు. ఆ మాట అందరం విన్నాం. కానీ లేచింది నా చేతి కింద కదా! మర్నాడూ నన్నే పిలిచారు, ఆ మర్నాడూ నన్నే పిలిచారు. ప్రతిసారీ మొదటి నొక్కుకే లేస్తుంటే, "ఇప్పుడు చెయ్యి బాగా కుదిరింది" అని నాయనమ్మ మురిసిపోయింది. బాగైన వస్తువు బాగైందని తెలియాలంటే ఇంకెవరైనా ఒక్కసారి నొక్కి చూడాలి. బోణీ చెయ్యి ఇంట్లో ఉండగా ఇంకో చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

నా పరీక్ష రోజు పొద్దున్నే పదో తరగతి ఫలితాలని అంతకు ముందు రోజే తెలిసింది. ఊళ్ళో ఫోను తీగ తగిలించి ఇంటర్నెట్టులో ఫలితాలు చూడగలిగే కంప్యూటర్ మాదొక్కటే. చీకటి ఉండగానే బొల్లాపల్లి వైపు నుంచి కూడా జనం వచ్చి అరుగు నిండా కూర్చున్నారు. కొందరు తల్లులు నంబరు చీటీని కొంగున ముడేసుకుని వచ్చారు. నేను తలకు పోసుకుని, బడి గౌను వేసుకుని, రెండు జడలు బిగించుకుని, అట్ట మీద పెన్నూ పెన్సిలూ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. అమ్మ స్టీలు డబ్బాలో పెరుగన్నం కలిపి, పైన నిమ్మకాయ ముక్క పెట్టింది. మరియమ్మ టీచరు ఇంకో ఇద్దరు పిల్లలను వెంటేసుకుని వాకిట్లో నిలబడింది. బస్సుకు వేళయింది.

"ఒక్కసారి నొక్కి వెళ్ళమ్మా" అన్నాడు నాన్న. నొక్కాను. చక్కగా లేచింది, పాట పాడింది, అరుగు మీద జనం అమ్మయ్య అనుకున్నారు. నేను అట్ట తీసుకుని గడప దాటబోయాను.

"కరెంటు పోతే?" అన్నాడు నాన్న.

నన్ను కాదు, ఎవరినీ కాదు, ఆ గదినే అడిగినట్టు అడిగాడు. తర్వాత టీచరు వైపు తిరిగి, "ఇంతమంది వచ్చారు. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ దీన్ని ఎవరు లేపుతారు టీచరుగారూ? నా పరువు పోయిద్ది" అన్నాడు.

"పిల్ల బతుకు పోతే?" అంది టీచరు.

"పోనీయండి, పిల్ల వెళ్ళొచ్చిద్ది" అంది తలుపు చాటు నుంచి అమ్మ. "నువ్వూరుకో" అన్నాడు నాన్న.

"ఏడాదికొకసారి పెట్టే పరీక్షేగా. మళ్ళొచ్చే ఏడు రాసిద్దిలే" అంది నాయనమ్మ.

"వచ్చే ఏడు ఎనిమిదిలో సీటు దీనికెవరిస్తారు పెద్దమ్మగారూ? అప్పటికి ఇది తొమ్మిదికొచ్చిద్ది." టీచరు ముందుకొచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యే, నా కుడి చెయ్యి. నాన్న నా భుజం పట్టుకున్నాడు. బస్టాండు వైపు నుంచి హారను వినిపించింది. వెంట ఉన్న పిల్లలిద్దరూ ఏడుపు మొహాలు పెట్టారు. టీచరు నా చెయ్యి వదిలేసింది. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆవిడ వెనక ఇంకో ఇద్దరున్నారు. నాన్న మీద ఉంది. ఆయన భుజం మీద వేసిన చెయ్యి మెత్తగానే ఉంది, అందుకే మరీ ఉంది.

ఆ రోజంతా కంప్యూటర్ పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్నాను. జనం నంబర్లు చెబుతున్నారు, నాన్న కొడుతున్నాడు, పాసైనవాళ్ళు అరుస్తున్నారు, తప్పినవాళ్ళ తల్లులు అక్కడే కూలబడుతున్నారు. ఒకామె పిల్లాడి వీపు మీద నాలుగు దరువులు వేసి, వెంటనే ఆ వీపే కావలించుకుని ఏడ్చింది. నేను నెత్తిమీద తిరుగుతున్న ఫ్యానునే చూస్తున్నాను. కరెంటు పోవాలని దేవుడికి మొక్కుకున్నాను. ఒక్కసారి పోతే, నేను నొక్కితే, నేనుండటానికి ఒక అర్థం ఉంటుందనుకున్నాను. మధ్యాహ్నం పీట మీదే స్టీలు డబ్బా విప్పి పెరుగన్నం తిన్నాను. పులిసిపోయింది. కరెంటు పోలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాకా, మా ఊరి చరిత్రలో లేనట్టు, రెప్ప కూడా వేయకుండా నిలబడింది. నాన్న పొట్లంలో జిలేబీ తెప్పించి నా చేతిలో పెట్టి, "మా అమ్మ నీ చెయ్యి ఊరికే పొగడదు తల్లీ" అన్నాడు. కరెంటు ఆగకుండా ఉండటం కూడా నా చేతి చలవేనట.

జూన్‌లో మా ఊరి బళ్ళోనే ఎనిమిదిలో చేరాను. అన్నయ్య సైకిలు మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చింది. శ్రావణమాసంలో నేను పెద్దమనిషినయ్యాను. వెనకగదిలో మూల చాప వేసి కూర్చోబెట్టారు. నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి ఉండలు అందరూ తెచ్చి పెట్టారు, పాటలు పాడారు. ముందుగదిలోకి నేను వెళ్ళకూడదు, పసుపూ కుంకుమా పెట్టిన వస్తువును ముట్టకూడదు. మొదటి పొద్దున నాన్న గుమ్మం అవతలే నిలబడి, "ఇప్పుడెట్లా?" అన్నాడు. "ఏం చేస్తాంరా, ఎంకటేసు చేత నొక్కించు" అంది నాయనమ్మ. ఎంకటేసు మా అన్నయ్య. నేను చాప మీద నుంచి గోడకు చెవి ఆనించాను.

లేచింది. గోడ అవతల నుంచి ఆ పాట వినిపించింది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. అన్నయ్య నొక్కాడు, లేచింది. మర్నాడు నాన్నే నొక్కాడు. ప్రతి పూటా ఆ పాట గోడ దాటి వచ్చి నా చెవిలో పడేది. మస్తాన్ చెప్పింది నిజమని, పరీక్ష రోజు కూడా నిజమేనని, ఎవరు నొక్కినా లేచేదని ఆ మూల కూర్చునే తెలుసుకున్నాను.

స్నానం చేయించి ముందుగదిలోకి తెచ్చిన రోజు అమ్మ నోరు విప్పింది. "శేషు లేకపోయినా అది లేస్తుందిగా. ఇంక పిల్లను రోజూ బడికి పంపుదామండీ."

నాయనమ్మే అంది, "ఏమే, పెద్దమనిషైంది. ఇప్పుడు బడేంటి?"

మిషనుకు నా అవసరం తీరింది, బడికి వేళ దాటింది. ఈ రెండూ ఒకే నెలలో జరిగాయి. "నాన్నా, అన్నయ్య నొక్కితే లేచిందిగా?" అని అడిగాను. నాన్న కంప్యూటర్ మీది ముసుగు సర్ది, "నీ చేత్తో అలవాటైంది కదమ్మా, అందుకే లేచింది" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. నమ్మాడు. పోయేదాకా అలాగే నమ్మాడు. అబద్ధమైతే నేను ఎప్పుడో ఒకప్పుడు క్షమించేదాన్ని.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. నాపరాళ్ళు పీకి ట్రాక్టరులో ఎత్తుకుపోయారు, ఆ చోట నున్నటి టైల్సుతో అంతస్తులు లేచాయి. మిరప కల్లాలు చానా వరకు ప్లాట్లయ్యాయి. పేలపిండి పొట్లాల్లో అమ్ముతున్నారు, తిన్నాను, ఇసకలా ఉంది. నాయనమ్మ చేతుల లెక్క ఆవిడతోనే పోయింది. బోణీ వేళకు ఎవరు మెట్టెక్కారో చూసేవాళ్ళు లేరు, అందరూ గోడకున్న గళ్ళ బొమ్మకు ఫోను చూపించి, డబ్బు కట్టేసి వెళ్ళిపోతున్నారు. మరియమ్మ టీచరు కూడా పోయింది. ఆవిడ వెంట ఆ రోజు బస్సెక్కిన పిల్లల్లో ఒకామె పంతులమ్మ అయిందని విన్నాను. సంతోషమే. సంతోషమే అని అనుకోవడానికి నాకు ఇప్పటికీ కాస్త సమయం పడుతుంది.

మొన్న, ఇప్పుడు నేనుంటున్న నరసరావుపేటలో, మా వీధికి ఇంటింటి వివరాలు రాసుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో ఫోను, మెళ్ళో కార్డు, చెమట్లు కారుతున్న మొహం. మంచినీళ్ళిచ్చి కూర్చోమన్నాను. పేరు, వయసు, ఇంట్లో ఎంతమంది అన్నీ అడిగింది.

"చదువెంతవరకమ్మా?"

"ఏడు పాసు."

"తర్వాతెందుకు ఆపేశారు? కారణం కూడా అడుగుతున్నారు ఇందులో. పెళ్ళా, ఇంటి పనులా, బడి దూరమా?"

"కరెంటు పోయిద్దేమోనని" అన్నాను.

ఆ పిల్ల తలెత్తి నా మొహంలోకి చూసి, నేను తమాషాకు అన్నాననుకుని కిలకిలా నవ్వింది. "అట్లాంటిది ఇందులో లేదు పిన్నీ" అంటూ, ‘ఇతర కారణాలు’ అన్నచోట వేలితో నొక్కి, పక్కింటికి వెళ్ళిపోయింది.